పంచాయతీ లెక్కల్లో కుర్రకారు పద్దు

ఏ గ్రామ పంచాయతీ బడ్జెట్ కాగితాలైనా తెప్పించి చూడండి. పారిశుధ్య కార్మికుల జీతాలు, బోరు మోటారు మరమ్మతు, వీధి దీపాలు, కరెంటు బకాయి, బ్లీచింగ్ పౌడర్, ట్రాక్టర్ డీజిల్, ఆగస్టు పదిహేను జెండా ఖర్చు, అన్నీ ఉంటాయి. పదో తరగతి దాటి ఇంకా సంసారంలో పడని పిల్లల పేరు మీద మాత్రం పద్దు కనిపించడం అరుదు. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ల వాళ్లను యువత అంది. ఏ ఊళ్లో చూసినా ఇంచుమించు నాలుగో వంతు జనం వాళ్లే. గ్రామసభకు మాత్రం వాళ్లు రెండు సందర్భాల్లో గుర్తొస్తారు: షామియానా వేయడానికి మనుషులు కావలసినప్పుడు, నిమజ్జనం రోజు డీజే గొడవలో పోలీసులు వచ్చినప్పుడు.

దీన్ని సర్పంచుల నిర్లక్ష్యం కింద కొట్టిపారేయలేం. లోపం చట్టం రాతలోనే ఉంది. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29. గ్రంథాలయాలున్నాయి, సాంస్కృతిక కార్యకలాపాలున్నాయి, సంతలూ తిరునాళ్లూ ఉన్నాయి. ఆటలు లేవు. యువజనుల ఊసే లేదు. ఆ పక్కనే పట్టణాల కోసం రాసిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలుంటే, పార్కులు, తోటలతో పాటు ఆటస్థలాలను పేరుపెట్టి చేర్చారు. పట్నం పిల్లాడికి మైదానం ఒక సౌకర్యమని తోచినవాళ్లకు, పల్లె పిల్లాడి విషయంలో ఎందుకు తోచలేదో! ఊరి చుట్టూ పొలాలుంటాయి కదా, ఎక్కడో ఒకచోట ఆడుకుంటాడులే అనుకుని ఉంటారు.

1994 నాటి పంచాయతీరాజ్ చట్టం తీరూ అదే. నీళ్లు, డ్రైనేజీ, దీపాలు, శ్మశానం పంచాయతీ విధిగా చేయాల్సిన పనులు. పఠన మందిరాలు, వినోద స్థలాల వంటివి వీలుంటే చేయదగిన పనుల కోవలో పడ్డాయి. 'వీలుంటే' అన్న మాట ఉన్న చోట డబ్బు ఎప్పుడూ ఉండదు, ఖర్చు పెడితే ఆడిట్ అభ్యంతరం మాత్రం తప్పకుండా ఉంటుంది. జిల్లా, మండల పరిషత్తుల సాధారణ నిధుల్లో ఎస్సీల సంక్షేమానికి 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, మహిళా శిశు సంక్షేమానికి 15 శాతం అని వాటాలు రాసిపెట్టారు. యువతకు అలాంటి వాటా లేదు. ఇటీవల గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలను తొమ్మిది ఇతివృత్తాల కింద తయారు చేయమంటున్నారు. బాలల హిత గ్రామం ఒకటి, మహిళా హిత గ్రామం ఒకటి. పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లాడు ఈ రెంటికీ చెందడు. ఆడపిల్ల కాగితం మీద మహిళల కోవలోకి వెళుతుంది, అంటే పొదుపు సంఘం వయసు వచ్చేదాకా ఆమెకూ ఏమీ రాదు.

యువజన శాఖ ఉంది కదా అనవచ్చు. ఉంది. దాని చరిత్ర చూస్తే ప్రభుత్వం కుర్రవాణ్ని ఏ కళ్లతో చూస్తూ వచ్చిందో తెలుస్తుంది. 1978లో హైదరాబాద్‌లో సెట్విన్ వచ్చింది, జిల్లాల్లో స్టెప్ సొసైటీలు వచ్చాయి. శిక్షణ, ఉపాధి వాటి పని. 1990ల చివర్లో సీఎంఈవై గ్రూపులంటూ సబ్సిడీ రుణాలిచ్చారు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పేరుతో నెలకు 1,000 రూపాయల భృతి. 2025లో తెలంగాణలో రాజీవ్ యువ వికాసం దరఖాస్తులు. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కాని వీటన్నిటిలోనూ యువకుడంటే దరఖాస్తుదారుడే. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా అతను ఎక్కడుంటాడు, ఎవరితో ఉంటాడు, చేతిలో ఏముంటుంది అన్నది ఏ శాఖ ఫైలులోనూ లేదు. నిజానికి అది స్థానిక సంస్థ పట్టించుకోవాల్సిన విషయం. రాజధానిలో కూర్చుని ఒక వీధి సాయంత్రాన్ని చూసుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇక డబ్బు సంగతికొద్దాం. స్థానిక సంస్థలకు అసలు డబ్బే లేదన్నది సగం నిజం. ఏ రకం డబ్బు ఉంది, ఏ రకం లేదు అన్నది అసలు ప్రశ్న. పంచాయతీలో బిల్లు ఎలా పాసవుతుందో దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తీర్మానం, అంచనా, పని, ఆపైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి టేపు పట్టి కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాయాలి. ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇన్ని క్యూబిక్ మీటర్లు. ఎం-బుక్ ఉంటే బిల్లు ఉంది. సీసీ రోడ్డు కొలతకు వస్తుంది, ప్రహరీ గోడ వస్తుంది, ఓపెన్ జిమ్ ఇనప సామాను ఎన్నో లెక్కపెట్టి చెప్పొచ్చు. పదిహేనుమంది అమ్మాయిలకు ఆరు నెలలు ఖోఖో నేర్పిన పనిని ఏ టేపుతో కొలుస్తారు? కొలతకు రానిదానికి బిల్లు రాదు. బిల్లు రానిదాన్ని ఏ కార్యదర్శీ నెత్తికెత్తుకోడు. యువత కోసం మన ఊళ్లలో జరిగిన ఖర్చంతా సిమెంటు, ఇనుము, బోర్డుల రూపంలో మిగలడానికి మొదటి కారణం ఈ పద్ధతే.

ఆర్థిక సంఘం నిబంధనలు దీనికి మరో తాళం వేశాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 ఐదేళ్లకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసింది 2,36,805 కోట్లు. చిన్న మొత్తం కాదు. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టిన నిధులు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది గాని జీతాలకు, ఎస్టాబ్లిష్‌మెంట్‌కు వాడకూడదంది. ఎంపీ ల్యాడ్స్ కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు వస్తాయి, అవీ శాశ్వత ఆస్తుల కోసమే. ఉపాధి హామీ పథకం పనుల జాబితాలో ఆటస్థలం చేరింది, అదీ మైదానం తయారు చేయడం వరకే. నిబంధన పెట్టినవాళ్ల భయంలో అర్థముంది: జీతాలకు వదిలేస్తే రాష్ట్రాలు తమ ఉద్యోగుల భారాన్ని ఈ డబ్బు మీదికి నెట్టేస్తాయి. ఆ భయం ఉత్తదేం కాదు. ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నారని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. అలా ముడి మీద ముడి వేస్తూ పోయాక తేలిందేమిటంటే, మైదానానికి పైసలున్నాయి, మైదానంలో నిలబడే మనిషికి లేవు.

తెలంగాణ క్రీడా ప్రాంగణాలు దీనికి తాజా ఉదాహరణ. 2022 జూన్ 2న రాష్ట్ర అవతరణ దినోత్సవం రోజున ఊరూరా మొదలుపెట్టారు. ఆలోచన మంచిది. పాఠశాల గోడ అవతల, అందరిదీ అనదగిన స్థలం ఒకటి ప్రతి ఊరికీ ఉండాలనడం అప్పటిదాకా ఎవరూ ఆ స్థాయిలో చేయలేదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గుంట, కసరత్తు బార్లు, చుట్టూ మొక్కలు, ముందర పెద్ద బోర్డు. స్థలం దొరికిన చోట బాగానే కుదిరింది. దొరకని చోట లక్ష్యం చేరాలి కాబట్టి చెరువు శిఖంలోనో, గుట్ట వాలులోనో, శ్మశానం పక్కనో బోర్డు పాతారు. ఇప్పుడు అలాంటి ప్రాంగణానికి వెళితే కనిపించేది ఒకటే: బోర్డు నిక్షేపంగా ఉంటుంది. బార్లకు తుప్పు, గుంటలో ఇసుకకు బదులు పల్లేరుకాయలు, వాలీబాల్ స్తంభాలకు నెట్ ఉండదు. ఏటా నెట్ కొనడానికి, గడ్డి కోయడానికి, సాయంత్రం లైటు వేయడానికి, పిల్లల్ని పోగేయడానికి ఎవరికీ బాధ్యత రాయలేదు. బాధ్యత రాయలేదంటే డబ్బు రాయలేదనే.

అంతకు ముందు ఢిల్లీ నుంచి వచ్చిన పైకా పథకం ఇందుకు కొంత భిన్నం. పంచాయత్ యువ క్రీడా ఔర్ ఖేల్ అభియాన్ అన్న పేరుకు అది పొట్టి రూపం. 2008-09లో మొదలై, గ్రామ పంచాయతీకి ఒకసారి లక్ష రూపాయలు, బ్లాకు స్థాయికి 5 లక్షలు ఇచ్చింది. మొదటిసారిగా మనిషిని కూడా లెక్కలోకి తీసుకుంది, క్రీడాశ్రీ అని పేరుపెట్టి. గౌరవ వేతనం నెలకు 500 రూపాయలు. ఆ రోజుల్లో కూడా వ్యవసాయ కూలీకి నాలుగైదు రోజుల్లో వచ్చే డబ్బది. పేరులో శ్రీ తప్ప ఆ మనిషికి దక్కిందేమీ లేదు. 2014లో ఆ పథకం పేరు మారింది, 2016-17లో ఖేలో ఇండియాలో కలిసిపోయింది. ఖేలో ఇండియా చిన్న కేంద్రాల్లో మాజీ క్రీడాకారుడికి శిక్షకుడిగా వేతనం ఇస్తున్నారు. ఇన్నేళ్లలో ఇదే కాస్త తెలివైన ఖర్చు అని నా అభిప్రాయం. కాని దేశం మొత్తానికి వాటి సంఖ్య వెయ్యి పైచిలుకే, మండలానికి ఒకటి చొప్పున కూడా రాదు. పైగా అది పతకాల వేటకు పెట్టింది. వందమందిలో ఒకణ్ని ఎంచుకుని మిగతా తొంభైతొమ్మిది మందిని ఇంటికి పంపే పద్ధతి ఊరి కార్యక్రమం కాజాలదు.

సిమెంటు తర్వాత మన ప్రభుత్వాలకు ఇష్టమైనది సంబరం. 2023 డిసెంబర్ 26న ఆంధ్రప్రదేశ్‌లో 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. గ్రామ, వార్డు సచివాలయం స్థాయి నుంచి క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ పోటీలు, ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగింపు, ఆ తర్వాత ఎన్నికలు. ప్రభుత్వం మారాక ఖర్చు మీద విజిలెన్స్ విచారణ. తెలంగాణలో సీఎం కప్ 2023 మేలో ఒకటి, ప్రభుత్వం మారాక 2024 డిసెంబర్‌లో మరొకటి. ఎవరి పాలనలో ఎంత వృథా అయిందన్న తగువు పార్టీలకు వదిలేద్దాం. ఇక్కడ గమనించాల్సింది వేరు. సచివాలయం పేరుతో, పంచాయతీ పేరుతో జరిగిన ఈ పోటీల్లో పంచాయతీ తీర్మానించింది ఏమీ లేదు. ఏ ఆట, ఎప్పుడు, బ్యాటు ఎక్కడ కొనాలి, అన్నీ పైనుంచే నిర్ణయమయ్యాయి. ఆటగాళ్ల పేర్లు ఎక్కించమని సిబ్బందికి లక్ష్యాలు వచ్చాయి. కొన్ని వారాల సందడి తర్వాత కిట్లు బీరువాల్లోకి వెళ్లాయి. ఆడిన పిల్లలకు ఆనందం దక్కలేదని కాదు, దక్కింది. చాలామంది ఆడపిల్లలు ఊరంతా చూస్తుండగా మొదటిసారి ఆడింది అప్పుడే. మర్నాడు ఎక్కడ ఆడాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఈ సిమెంటు, సంబరం రెంటికీ ముందు, రెంటికంటే గట్టి పునాది మీద, మనకు ఒక ఏర్పాటు ఉంది. దాన్ని యువజన కార్యక్రమమని ఎవరూ పిలవరు. గ్రంథాలయ సెస్సు. మద్రాసు గ్రంథాలయ చట్టం 1948లో, హైదరాబాద్ చట్టం 1955లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో వచ్చాయి. ఇంటి పన్ను ప్రతి రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయాలకు వసూలు చేస్తారు. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మన రాష్ట్రాల్లో ఊరి జనం ఊరి పిల్లల చదువు గది కోసం చట్టబద్ధంగా కడుతున్న పన్ను ఇదొక్కటే అనుకుంటాను. ఇది ఊరికే రాలేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపి, అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం లాంటివి లేచి, కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పి, ప్రజలు చందాలతో చేసి చూపించాక ప్రభుత్వం చట్టం చేసింది. పడవలో పుస్తకం పట్టుకుని ఊరూరా దిగినవాడు కూడా ఒక మనిషే కదా. భవనం ఆ తర్వాత వచ్చింది.

ఇవాళ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే వెళ్లి చూడండి. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు తలుపులు తెరవకముందే బ్యాగులు వరసలో పెట్టి ఉంటారు. కుర్చీ దొరకనివాళ్లు మెట్ల మీద, చెట్ల కింద చదువుకుంటారు. ఖమ్మమైనా కర్నూలైనా జిల్లా గ్రంథాలయాల్లో ఇదే తంతు. వీళ్లు నవలలు చదవడానికి రాలేదని పెద్దలు పెదవి విరుస్తారు. నాకు అందులో తప్పు కనబడదు. అద్దె గదిలో నలుగురితో సర్దుకుంటూ చదవలేని కుర్రాడికి కుర్చీ, ఫ్యాను, మరుగుదొడ్డి, మంచినీళ్లు, తనలాంటి వాళ్ల తోడు ఇస్తున్న చోటు అది. ఇంతకంటే చవకైన యువజన కేంద్రాన్ని ఏ ప్రభుత్వం కట్టగలదు?

కాని జరుగుతున్నదేమిటంటే, జనం కట్టిన సెస్సును స్థానిక సంస్థలు దగ్గర పెట్టుకుంటున్నాయి. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ నుంచి గ్రంథాలయ సంస్థకు రావలసిన బకాయిలు కోట్లలో ఉన్నాయన్న వార్త ఏళ్లుగా పాతబడకుండా వస్తూనే ఉంది. చిన్న మున్సిపాలిటీలు, పంచాయతీలు అదే దారిలో నడిచాయి. రోజూ జీతాలకు, డీజిల్‌కు వెతుక్కునే కమిషనర్ చేతిలో వేరే సంస్థ డబ్బు ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గ్రామీణ శాఖా గ్రంథాలయాల్లో గ్రంథపాలకుల ఖాళీలు భర్తీ కాకపోవడంతో ఒక్కరే రెండు మూడు చోట్ల ఇన్‌చార్జిగా తిరుగుతుంటారు. తాళం వేసి ఉన్న రోజులే ఎక్కువ. చట్టం పన్నును ఇచ్చింది గాని, పన్ను ఆ గడప దాటేలా చూసే ఏర్పాటు ఇవ్వలేదు. వసూలైన రోజే సెస్సు వాటా నేరుగా గ్రంథాలయ ఖాతాకు వెళ్లేలా చేయడం ఆన్‌లైన్ పన్ను చెల్లింపుల కాలంలో సాఫ్ట్‌వేర్‌లో ఒక వరస మార్చడమే. కొత్త చట్టం అక్కర్లేదు. చేయకపోవడానికి కారణం సాంకేతికం కాదు.

సిమెంటు, సంబరం తప్ప మరేదీ మన పంచాయతీలకు చేతకాదని అనుకోవడానికి వీల్లేదు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో మొక్కల సంగతి చూడండి. బడ్జెట్‌లో పది శాతం హరితానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి. ప్రతి ఊరికీ నర్సరీ, నీళ్లు పోయడానికి ట్రాక్టర్, ట్యాంకర్, చూసుకోవడానికి పనివాళ్లు. స్థాయీ సంఘాల్లో మొక్కలకే ఒకటి. హరితహారం అన్న ఈ మొక్కల పథకం మీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు గాని రోడ్ల పక్కన చెట్లు మొలిచాయి. అంటే పద్దు, మనిషి, జవాబుదారీ మూడూ కలిస్తే పంచాయతీ పని చేస్తుంది. ఈ మూడూ మొక్కకు దొరికాయి, మొక్కకు నీళ్లు పోసే వయసు పిల్లాడికి దొరకలేదు.

ప్రభుత్వం వదిలేసిన జాగా ఖాళీగా ఉండదు. సంక్రాంతికి ఏ కోస్తా పల్లెలోనైనా గోడకు అంటించిన కబడ్డీ పోటీల కరపత్రం నిలబడి చదవండి. మొదటి బహుమతి ఫలానా వారి జ్ఞాపకార్థం వారి కుమారులు, అమెరికా. రెండో బహుమతి రొయ్యల వ్యాపారి. షీల్డులు ఎరువుల దుకాణం. క్రీడాకారులకు భోజనాలు రైస్ మిల్లు యజమాని. మైకు, లైట్లు టెంట్ హౌస్ సౌజన్యం. పైన వరసగా నాయకుల ఫొటోలు, ఒక మూల సినిమా హీరో, కింద అభిమాన సంఘం పేరు. పంచాయతీ పేరు ఎక్కడా ఉండదు, సర్పంచి ఫొటో మాత్రం ఉంటుంది. చందాలతో నడిచే ఈ వ్యవస్థ చాలా పెద్దది, దీని లెక్క ఎవరూ తీయలేదు. బాలాపూర్ గణేశ్ లడ్డూ 1994లో 450 రూపాయలకు వేలం పోయింది, 2024లో 30 లక్షల 1,000 రూపాయలకు పోయింది. ఆ డబ్బు ఊరి పనులకే వాడతామని ఉత్సవ సమితి చెబుతుంది. ఊరి ఉమ్మడి పనికి చేయి చాచి డబ్బు ఇచ్చే అలవాటు మనకు లేదనడం తప్పు.

కాని చందాకు మొహమాటం లేదు, అందర్నీ సమానంగా చూడదు. డబ్బిచ్చినవాడి కులం, పార్టీ, హీరో వెంట వస్తాయి. ఏ పేటలో దాత లేడో ఆ పేటకు పోటీ రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కరపత్రాల్లో 'మహిళల విభాగం' అన్న మాట వెతుక్కోవాలి. కోచింగ్ కోసం, మ్యాట్ కోసం దాత ముందుకు రావడం అరుదు, ఫ్లెక్సీలో ఫొటో పడేది ఫైనల్ మ్యాచ్ రోజునే. ఆడపిల్లను సాయంత్రం ఇంటి నుంచి పంపాలంటే తల్లి అడిగేవి మూడే ప్రశ్నలు: ఎవరుంటారు, లైట్లుంటాయా, బాత్రూం ఉందా. మూడింటికీ జవాబు చెప్పాల్సింది పంచాయతీయే, దాత కాదు.

పట్టణాల్లో కథ కొంచెం మెరుగు. హైదరాబాద్‌లో మహానగర పాలక సంస్థకు సొంత మైదానాలున్నాయి, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్ లాంటివి తరాల పిల్లల్ని చూశాయి. ఏటా వేసవిలో నామమాత్రపు రుసుముతో శిక్షణ శిబిరాలు నడుస్తాయి, కోచ్‌లకు గౌరవ వేతనం ఇస్తారు. జీతం ఇచ్చి మనిషిని పెట్టే స్థానిక కార్యక్రమం మన దగ్గర ఉందంటే ఇదే. జూన్ రాగానే ఆగిపోతుంది. విజయవాడలో కార్పొరేషన్ పేరే మోస్తున్న ఇందిరాగాంధీ స్టేడియం ప్రభుత్వ ఉత్సవాలకు, ప్రమాణ స్వీకారాలకు ప్రసిద్ధి. ఒక్కో పెద్ద కార్యక్రమం తర్వాత నేల కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో అక్కడ ఉదయం పరిగెత్తేవాళ్లకు తెలుసు.

కేరళను ఈ విషయంలో ఎవరూ చెప్పకుండా ఉండలేరు, నేనూ ఉండలేను. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చేశారు. ప్రణాళిక రాసే కార్యబృందాల్లో కళలు, సంస్కృతి, క్రీడలు, యువజన సంక్షేమానికి ఒక బృందం ఉంటుంది. అంటే ఏటా ఆ పేరు మీద ఒకరు కూర్చుని ఏం చేద్దామో రాయాలి. కేరళోత్సవం పోటీలు పంచాయతీ నుంచి మొదలవుతాయి. క్రీడా చట్టం పంచాయతీ స్థాయి స్పోర్ట్స్ కౌన్సిళ్ల దాకా వెళ్లింది. అక్కడి గ్రంథాలయ సెస్సు 5 శాతమే, మన 8 కంటే తక్కువ. కాని గ్రంథాలయాన్ని నడిపేది ఊరి సభ్యుల సంఘం, కౌన్సిల్ గ్రాంటు ఇస్తుంది. డబ్బు రాకపోతే అడిగే గొంతులు ఊళ్లోనే ఉన్నాయి. మన జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఛైర్మన్ పదవి పార్టీ నాయకుడికి పునరావాసం. కేరళలో అంతా సవ్యంగా ఉందని కాదు, అక్కడా ఊరి మైదానాల కొరత ఉంది. తేడా పద్దు దగ్గర మొదలవుతుంది.

పద్దు ఒక్కటే ఉంటే సరిపోదని ఇంగ్లండ్ అనుభవం చెబుతుంది. అక్కడ యూత్ క్లబ్బులు, జీతం మీద పనిచేసే యూత్ వర్కర్లు స్థానిక కౌన్సిళ్ల పనిగా దశాబ్దాల పాటు సాగాయి. చట్టంలో బాధ్యత ఉంది, కాని సాధ్యమైనంత వరకు అన్న షరతుతో. 2010 తర్వాత కేంద్రం నుంచి కౌన్సిళ్లకు వచ్చే నిధులు కోతపడ్డాయి. చెత్త ఎత్తకపోతే మర్నాడే తెలుస్తుంది, వృద్ధుల సంరక్షణ కోర్టుకెక్కుతుంది. యూత్ క్లబ్బు మూస్తే ఎవరూ దావా వేయరు. కోత ముందుగా దాని మీదే పడింది. లండన్‌లో 2010, 2019 మధ్య దాదాపు 30 శాతం క్లబ్బులు మూతబడ్డాయి. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ 2024లో ప్రచురించిన అధ్యయనం వాటి దగ్గర్లోని పిల్లలను పోల్చి చూసింది. క్లబ్బు పోయినచోట పదహారేళ్ల పరీక్షల్లో మార్కులు తగ్గాయి, నేరాల్లో చిక్కుకోవడం 14 శాతం పెరిగింది. మిగిల్చిన ప్రతి పౌండుకు సమాజం దాదాపు మూడు పౌండ్లు నష్టపోయిందని తేల్చింది. ఆ క్లబ్బుల్లో ఉన్నది ఏమిటి? ఒక గది, టేబుల్ టెన్నిస్ బల్ల, పిల్లల పేర్లు తెలిసిన ఒక పెద్ద మనిషి. మన దగ్గర మూయడానికి అలాంటివి లేవు కాబట్టి నష్టం లెక్క కూడా తీయలేం.

సర్పంచుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. మురుగు రోడ్డెక్కుతుంటే బంతులు కొనమంటారా అంటారు. లెక్క వేసి చూద్దాం. మూడు వేల జనాభా ఉన్న ఊరు. 15వ ఆర్థిక సంఘం నిధులు ఏడాదికి తలకు సుమారు 550 రూపాయలనుకుంటే 16.5 లక్షలు, మండల, జిల్లా వాటాలు పోను 12 లక్షలు మిగులుతాయనుకుందాం. ముడి లేని 40 శాతం అంటే 5 లక్షల లోపు, అదీ జీతానికి పనికిరాదు. సాయంత్రం రెండు గంటలు పనిచేసే కోచ్‌కు నెలకు 8,000 ఇచ్చినా ఏడాదికి లక్షకు దగ్గర. అది సొంత ఆదాయం నుంచే రావాలి. ఇంటి పన్ను పూర్తిగా వసూలైనా నాలుగైదు లక్షలు దాటని ఊళ్లెన్నో. తెలంగాణలో మల్టీపర్పస్ వర్కర్‌కు నెలకు 9,500, అది కూడా సమయానికి అందక వాళ్లు సమ్మెలు చేశారు. ఊరు ఊడ్చే మనిషికి జీతం ఇవ్వలేని పంచాయతీ కోచ్‌ను పెట్టలేదు. నిజమే. అందుకే ఈ ఖర్చు మండలానికో, నాలుగైదు ఊళ్ల క్లస్టర్‌కో ఉండాలి, ఆర్థిక సంఘం ముడి లేని నిధుల్లో కొద్ది శాతం శిక్షకుల గౌరవ వేతనానికి వాడుకోనివ్వాలి. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, అందులో రాష్ట్రాలు అడగాల్సింది ఇదే.

ఒక్క మనిషి ఉంటే ఏమవుతుందో చూడటానికి వరంగల్ ప్రాంతంలోని కల్లెడ చాలు. పర్వతగిరి మండలంలో చిన్న ఊరు. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ నడిపే బడిలో విలువిద్య నేర్పారు. ఆ ఊరి ప్రణీత వర్ధినేని 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలుకత్తెగా పాల్గొంది. అదే ఊరి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ఒకే పల్లె నుంచి ఇద్దరు ఆ స్థాయికి వెళ్లడం నేల మహిమ కాదు. రోజూ వచ్చి పిల్లల్ని చూసిన మనిషి ఉన్నాడు, అతని జీతం ఒక ట్రస్టు ఇచ్చింది. పక్క ఊళ్లలోనూ అలా పరిగెత్తగలిగిన పిల్లలు ఉండే ఉంటారు.

ట్రస్టు లేని ఊళ్లకు దగ్గరి దారి ఒకటుంది. మన ప్రభుత్వ హైస్కూళ్లలో ఎక్కువ భాగం గేటు మీద రాసి ఉండేది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనే. అంటే మైదానం ఇప్పటికే స్థానిక సంస్థది. చాలా చోట్ల వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) కూడా ఉన్నాడు. సాయంత్రం బడి వదలగానే గేటు పడుతుంది, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చదునైన మైదానం మర్నాటి దాకా ఖాళీగా ఉంటుంది. హెడ్‌మాస్టర్లకు కారణాలున్నాయి: చీకటి పడ్డాక సీసాలు పగులుతాయి, కిటికీ అద్దాలు పగులుతాయి, ఎవరికైనా దెబ్బ తగిలితే సమాధానం చెప్పేది ఆయనే. కాబట్టి గేటు తెరవమని సర్క్యులర్ పంపితే సరిపోదు. జిల్లా పరిషత్ తీర్మానం చేసి ఐదున్నర నుంచి ఏడున్నర దాకా మైదానం బాధ్యతను హెడ్‌మాస్టర్ మీద నుంచి తీసి పంచాయతీకి రాయాలి, పీఈటీకో ఊరి మాజీ ఆటగాడికో ఆ రెండు గంటలకు గౌరవ వేతనం జనరల్ ఫండ్ నుంచి ఇవ్వాలి, వారంలో మూడు సాయంత్రాలు ఆడపిల్లలవని గోడ మీద రాయాలి. ఎం-బుక్ ఉండదు కాబట్టి హాజరు పట్టీని బిల్లుగా ఒప్పుకోమని లోకల్ ఫండ్ ఆడిట్ శాఖకు రాష్ట్రం ఒక ఉత్తర్వు ఇవ్వాలి. రెండు ఫ్లడ్ లైట్లు కావాలంటే వాటికి ముడి లేని నిధులు చాలు, అవి కొలతకు వస్తాయి కూడా.